మాటతోబాటు శక్తిని మోయు తీగ

మణుగూరు వంటి బొగ్గుగనుల పట్టణములందు నేడు ఒక వింత సామాన్యదృశ్యమైపోయినది. బొగ్గులారీలు ఆగు తూనికవంతెన ప్రక్కన, స్తంభముపై కెమెరా యొకటి రేయింబవళ్లు కావలి కాయుచుండును. కార్యాలయపు బల్లపై టెలిఫోను మ్రోగుచుండును. గోడకు తగిలించిన చిన్నపెట్టె యొకటి గాలిలోనుండియే వార్తలను అందుకొనుచు పంపుచుండును. మన యింటి రేడియోకువలె వీనిలో పెక్కింటికి ప్లగ్గునుండి వేరుగా కరెంటుతీగ ఉండదు. వార్తను తెచ్చిన సన్నని తీగయే వానికి ఆహారమును గూడ తెచ్చుచున్నది. ఎనిమిది రాగితీగలను జంటలు జంటలుగా మెలివేసి తయారుచేసిన ఆ తీగనే నెట్‌వర్కు కేబులు అందురు.

ఒకే తీగచేత రెండు బరువులను మోయించుట గొప్ప కాదు. కీడు కలుగకుండ మోయించుటయే గొప్ప. ముఖ్యముగా, నిద్రించుచున్న పరికరమును మేల్కొలుపు మొదటి క్షణమునందే ఆపద పొంచియుండును. తీగ కాలిపోవుట, యంత్రము చెడిపోవుట, నిప్పురవ్వ రాలుట మొదలైన అనర్థములలో పెక్కు ఆ క్షణమునందే పుట్టును. ఈ సత్యమును మానవుడు ఒక్కనాట గ్రహింపలేదు. సముద్రగర్భమున ఒకసారి, భూగర్భమున ఇంకొకసారి మిక్కిలి వెల చెల్లించి నేర్చుకొనెను. బొగ్గును నమ్ముకొని బ్రదుకు ప్రాంతమువారికి ఈ చరిత్రతో దగ్గర సంబంధము కలదు.

తీగవెంట వార్తను పంపుటలో మన దేశము వెనుకబడలేదు. విలియం ఓషానెస్సీ యను వైద్యుడు 1839లోనే కలకత్తాలో తంతిప్రయోగములు చేసెను. 1851 నాటికి కలకత్తానుండి డైమండ్ హార్బరు వరకు తంతిమార్గము పనిచేయసాగెను. 1855లో ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరములకు తంతివార్తలు ప్రజలకు అందుబాటులోనికి వచ్చెను. ఆ నాటి తీగలో వార్తయు శక్తియు వేరువేరు కావు. బ్యాటరీనుండి వెడలిన విద్యుత్తు తీగవెంట పోయి, అవతలి కొనయందలి అయస్కాంతమును కదల్చును. ఆ కదలికయే అక్షరము. అనగా శక్తియే మాట. మన దేశమున ఆ తంతిసేవ 2013 జూలైలో ముగిసినది. అయినను అది నేర్పిన పాఠములు ముగియలేదు.

ఆ పాఠములలో మొదటిది అట్లాంటిక్ మహాసముద్రమున జరిగినది. 1858 ఆగస్టులో ఐర్లండునుండి న్యూఫౌండ్లాండు వరకు సముద్రపుటడుగున కేబులు వేయుట పూర్తియయ్యెను. ఆగస్టు 16వ తేదీన విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడైన బుకానన్‌కు సందేశము పంపెను. అందలి మాటలు నూరుకు లోపే. వానిని చేరవేయుటకు సుమారు పదియారు గంటలు పట్టెను. అయినను ప్రపంచము ఉప్పొంగిపోయెను.

ఆ కేబులును నడుపు భారము వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అను ఆయన మీద ఉండెను. దూరము ఎక్కువైనకొలది బలముగా తోయవలెనని ఆయన నమ్మకము. సందేశములు మందముగా సాగుచుండుటను జూచి, పెద్ద పెద్ద తీగచుట్టల సహాయమున సుమారు 2000 వోల్టుల ఒత్తిడిని ఆ కేబులులోనికి పంపెను. తయారీయందే లోపములున్న ఆ కేబులు తొడుగు ఆ ధాటికి తట్టుకొనలేకపోయెను. సెప్టెంబరు మొదటివారము నాటికి అది పూర్తిగా మూగవోయెను. అనేక సంవత్సరముల శ్రమ, లెక్కలేనంత ధనము మూడు, నాలుగు వారములలో నీటిపాలయ్యెను.

అదే కేబులు వద్ద పనిచేసిన విలియం థామ్సన్ అభిప్రాయము వేరు. ఈయనయే పిమ్మట లార్డ్ కెల్విన్ అని ప్రసిద్ధి కెక్కెను. బలముగా తోయుటకన్న సున్నితముగా వినుట మేలని ఆయన వాదించెను. చిన్న అద్దమును అయస్కాంతమునకు అతికించి, దానిపై దీపకాంతిని ప్రసరింపజేసి, అతిసూక్ష్మమైన ప్రవాహమును గూడ కాంతిరేఖ కదలికచే గుర్తించు యంత్రమును ఆయన నిర్మించెను. 1866లో కొత్త కేబులు జయప్రదముగా వేయబడినది. 1865లో తెగిపోయిన కేబులు గూడ ఆ యేటనే వెదకి అతుకబడినది. అప్పుడు లాటిమర్ క్లార్క్ అను ఇంజనీరు ఆ రెండు కేబులుల కొనలను అవతలి ఒడ్డున కలిపించి, దర్జీలు వ్రేలికి తొడుగుకొను వెండి తొడుగులో కొంచెము ఆమ్లమును, చిన్న జింకుముక్కను ఉంచి, ఆ బుల్లి బ్యాటరీతోడనే సముద్రమునకు రాకపోకలుగా సంకేతము నడిపించెను. రెండువేల వోల్టులు చేయలేని పనిని వ్రేలితొడుగు చేసెను. తీగలోనికి శక్తిని పంపుటకు ముందు ఆ తీగ ఎంత భరించునో, అవతల ఉన్నవానికి ఎంత కావలయునో తెలిసికొనవలెనను నియమమునకు పునాది ఇక్కడనే పడినది.

రెండవ మెట్టు టెలిఫోను. 1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంటు పొందెను. తొలిదినములలో టెలిఫోను ఉన్న ప్రతి యింటియందును బ్యాటరీ ఉండవలసివచ్చెడిది. ఎక్స్చేంజివారిని పిలుచుటకు పిడి త్రిప్పవలసియుండెను. వేలాది యిండ్లలోని బ్యాటరీలను పరీక్షించుచు తిరుగుట ఎక్స్చేంజివారికి తలకు మించిన పని. కావున 1890 తరువాతి సంవత్సరములలో బ్యాటరీని ఎక్స్చేంజిలోనే ఉంచి, మాట పోవు జంటతీగ మీదనే అందరికిని విద్యుత్తు పంపు పద్ధతి అమెరికాలో వ్యాప్తిలోనికి వచ్చెను. కాలక్రమమున 48 వోల్టులు పరిపాటి యయ్యెను. ఒక్కొక్కటి రెండు వోల్టులు ఇచ్చు సీసపు సెల్లులు ఇరువదినాలుగు కలిపినచో వచ్చు లెక్క ఇది. చాలదూరము పోవుటకు సరిపడును. పొడిచేతితో తాకినవానికి సాధారణముగా ప్రాణాపాయము కలిగింపదు. నేటి నెట్‌వర్కు కేబులులో ప్రవహించు వోల్టేజి గూడ ఇంచుమించు ఇదియే యగుట యాదృచ్ఛికము కాదు.

ఈ పద్ధతియందు గమనింపదగిన మర్యాద యొకటి కలదు. రిసీవరు కొక్కెముపై ఉన్నంతసేపు టెలిఫోనులో నేరుప్రవాహము నడువదు. అందలి కండెన్సరు దానిని ఆపి, గంట మ్రోగించు విద్యుత్తును మాత్రము పోనిచ్చును. ఇంటివారు రిసీవరు ఎత్తినప్పుడు వలయము పూర్తియై, కొద్దిపాటి ప్రవాహము మొదలగును. ఆ ప్రవాహమును జూచియే ఎక్స్చేంజి ఎవరో పిలుచుచున్నారని గ్రహించును. అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెతకు యంత్రరూపము ఇది.

ఇక మూడవ పాఠము బొగ్గుగనిది. దీనిని కొంచెము తీరికగా చెప్పవలసియున్నది.

మన సింగరేణి చరిత్ర 1871లో భూగర్భశాస్త్రవేత్త డాక్టరు కింగ్ ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొనుటతో మొదలైనది. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ తవ్వకపు హక్కులను పొందెను. 1889లో ఇల్లెందు వద్ద తవ్వకము ఆరంభమయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. ఇల్లెందునుండి కొత్తగూడెమునకు, పిమ్మట గోదావరి తీరపు అడవులలోని మణుగూరునకు బొగ్గుపని విస్తరించెను. మణుగూరున ఓపెన్‌కాస్టు గనులే ప్రధానములైనను, భూగర్భపు బావులలో దిగి పనిచేసినవారి కుటుంబములును అచ్చట లేకపోలేదు. ఆ కుటుంబములవారికి గ్యాసు అను మాట చెవిని బడినంతనే గుండె ఝల్లుమనును.

ఆ గ్యాసు మీథేను. గాలిలో దాని పాలు నూటికి 5 మొదలు 15 వరకు ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ చాలును, ప్రేలుడు కలుగుటకు. అందుకు కావలసిన శక్తి ఒక జౌలులో వేయవవంతులో మూడవవంతుకన్న తక్కువ. రెప్పపాటులో కనబడి మాయమగు రవ్వ అది.

వెనుక బ్రిటను గనులలో టబ్బులను త్రాటితో లాగు దారుల వెంట రెండు ఒట్టి తీగలు వ్రేలాడదీయుచుండిరి. వానిపై బ్యాటరీ విద్యుత్తు ఉండును. దారిలో ఎక్కడనున్న పనివాడైనను ఆ రెండు తీగలను ఒకదానికొకటి తాకించినచో ఇంజనుగదిలో గంట మ్రోగును. ఒక గంటకు ఆపుమని, రెండింటికి లాగుమని అర్థము చెప్పుకొనువారు. వోల్టేజి తక్కువ, చేతితో పట్టుకొన్నను ఏమియు కాదు. ఇంతకన్న నిరపాయమైన ఏర్పాటు మరియొకటి లేదని పెద్ద పెద్ద ఇంజనీర్లే తలంచిరి.

1913 అక్టోబరు 14వ తేదీన వేల్సు దేశమందలి సెంఘెనిడ్ గనిలో ఘోరమైన ప్రేలుడు సంభవించెను. 439 మంది గనికార్మికులును, రక్షింపబోయిన ఒకరును మరణించిరి. బ్రిటను గనుల చరిత్రలో అంతటి ప్రాణనష్టము మరియొకటి లేదు. ప్రేలుడునకు కారణము విచారణలో నిస్సందేహముగా తేలలేదు. అయినను సంకేతపు గంటల తీగలనుండి రాలిన నిప్పురవ్వ కావచ్చునను అనుమానము బలపడెను.

ఆ పిమ్మట వీలర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు గంటల తీగలను గూర్చి శ్రద్ధగా ప్రయోగములు చేసి 1915లో ఫలితములను వెల్లడించెను. న్యూకాసిల్‌లో థార్న్‌టన్ అను ఆచార్యుడును ఇట్టి పరిశోధనయే సాగించెను. ఆ ప్రయోగములలో తేలిన విషయము ఇది. ఆపద బ్యాటరీ వోల్టులలో మాత్రమే లేదు. గంటలోని అయస్కాంతపు తీగచుట్టలో శక్తి నిలువయై ఉండును. తీగలు ఒకదానినుండి యొకటి విడివడు క్షణమున ఆ నిలువ యంతయు రవ్వ రూపమున బయటపడును. బ్యాటరీ బలహీనమైనను చుట్ట బలమైనదైనచో రవ్వ బలమైనదే. కావున తీగను జూచి ధైర్యము చెందరాదు. తీగకొనయందున్న పరికరము ఎంత శక్తిని దాచుకొన్నదో చూడవలెను.

ఈ సూత్రమునుండియే స్వతస్సిద్ధ భద్రత అను భావము పుట్టినది. వలయము తెగినను, అతికినను, చెడినను, దానిలో గ్యాసును రగిలించునంత శక్తి ఏ క్షణమునను ఉండకుండునట్లు ముందుగనే నిర్మించుట దీని యర్థము. గంట చుట్టకు ప్రక్కగా నిరోధమును చేర్చి, దాగిన శక్తి రవ్వగా గాక వేడిగా మెల్లగా కరగిపోవునట్లు చేసిరి. మన దేశపు 1956 విద్యుత్తు నియమావళి గూడ గ్యాసుగల బొగ్గుపొరలయందు సంకేతములకు, టెలిఫోనులకు ఇట్టి వలయములనే వాడవలెనని శాసించెను.

ఇంతలో సముద్రము మరల పిలిచెను. 1956 సెప్టెంబరు 25వ తేదీన స్కాట్లండు, న్యూఫౌండ్లాండుల మధ్య తొలి అట్లాంటిక్ టెలిఫోను కేబులు ప్రారంభమయ్యెను. పోవు మాటకు ఒకటి, వచ్చు మాటకు ఒకటిగా రెండు కేబులులు. ఒక్కొక్కదానియందు 51 ధ్వనివర్ధక యంత్రములు. మన పాత రేడియోలలోవలె వానియందును వాల్వులు వెలుగుచుండెను. సముద్రపుటడుగున వానికి కరెంటు ఇచ్చునది ఎవరు? మాట మోయు కేబులే. వైట్‌హౌస్ పాడుచేసినచోటనే, ఒక శతాబ్దము గడచుసరికి, మాటయు శక్తియు ఒకే తీగలో సఖ్యముగా సాగినవి. ప్రవాహము ఎప్పుడును ఒకే పరిమాణమున ఉండునట్లు అదుపుచేయుట అందలి రహస్యము.

కంప్యూటర్ల మధ్య వార్తలు నడుపు ఈథర్‌నెట్ 1973లో అమెరికాలోని జెరాక్సు సంస్థ పరిశోధనాలయమున రూపొందెను. 1990లో టెలిఫోను తీగను బోలిన మెలితీగలపై దానిని నడుపు ప్రమాణము వెలువడినది. ఆ తీగమీదనే విద్యుత్తు గూడ ఈయవచ్చునను ఆలోచన 2000 ప్రాంతమున కొన్ని కంపెనీలకు కలిగెను. అయితే ఒక చిక్కు ఎదురయ్యెను. టెలిఫోను తీగ కొనను టెలిఫోను తప్ప వేరొకటి ఉండదు. నెట్‌వర్కు తీగ కొనను ఏ యంత్రమైనను ఉండవచ్చును. కరెంటు అక్కరలేని కంప్యూటరులోనికి 48 వోల్టులు పోయినచో దాని గతి యేమి?

దీనికి ఐ.ఇ.ఇ.ఇ. అను అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘము 2003లో ఒక ప్రమాణమును ఏర్పరచి పరిష్కారము చూపెను. అందలి క్రమము మన పెద్దల అతిథిమర్యాదను తలపించును. మొదట వచ్చినవారెవరో తెలిసికొనుట. విద్యుత్తు ఇచ్చు పెట్టె 3 మొదలు 10 వోల్టుల లోపు స్వల్పమైన ఒత్తిడిని తీగలోనికి పంపి, అవతల 25,000 ఓముల నిరోధము ఉన్నదా యని చూచును. ఆ గుర్తు కనబడనిచో అంతటితో ఆగిపోవును. రెండవది ఆకలి ఎంతయో అడుగుట. 15 మొదలు 20 వోల్టుల వరకు పెంచి, పరికరము తీసికొను ప్రవాహమును బట్టి దాని తరగతిని నిర్ణయించును. ఇవి రెండును అయిన పిమ్మటనే వడ్డన. అనగా 44 మొదలు 57 వోల్టుల అసలు విద్యుత్తు.

వడ్డనయందును తొందర పనికిరాదు. ప్రతి పరికరమునందును, మన రేడియోలోవలెనే, విద్యుత్తును నిలువచేసికొను కండెన్సరు ఉండును. ఖాళీ కండెన్సరుకు ఒక్కసారిగా విద్యుత్తు తగిలినచో అది ఎంత వచ్చిన అంత మ్రింగును. వేసవిలో ఎండి బీటలువారిన కాలువకు తూము ఒక్కపెట్టున ఎత్తినచో ఏమగును? నీరు చేను చేరకమునుపే గట్టు తెగును. ఇచ్చటను అంతే. అడ్డులేని ప్రవాహము క్షణకాలము అనేక ఆంపియర్లకు పెరిగి, కొసల స్పర్శలను కాల్చును. ఇచ్చు పెట్టె కుప్పకూలును. ప్రక్కనున్న పరికరములును ఆరిపోవచ్చును. అందుచే 2003 నాటి ప్రమాణము ఆ మొదటి ప్రవాహమును ఆంపియరులో సగమునకు లోపుగా, 400 మొదలు 450 మిల్లీఆంపియర్ల వద్ద కట్టడిచేసెను. 180 మైక్రోఫారడుల కండెన్సరు ఈ లెక్కన 50 వోల్టులకు నిండుటకు సుమారు 23 మిల్లీసెకండులు పట్టును. నిండినపిమ్మటనే లోపలి యంత్రము పని మొదలుపెట్టవలెను. నిర్ణీతకాలములో నిండనిచో ఏదో లోపమున్నదని భావించి విద్యుత్తును ఆపివేయుదురు.

ఇంకొక మెళకువ. పరికరము మేల్కొని ప్రవాహము లాగినంతనే, పొడుగాటి తీగలోని నిరోధమువలన వోల్టేజి కొంత పడిపోవును. పడిపోయిన వెంటనే పరికరము ఆగినచో వోల్టేజి మరల పెరుగును; మరల మేల్కొనును, మరల పడును. బ్యాటరీ నీరసించిన రేడియో గుడగుడలాడుట విన్నవారికి ఈ జబ్బు తెలియును. అందుకని మేల్కొనుటకు ఒక గీత, నిద్రపోవుటకు దానికన్న చాల క్రింద ఇంకొక గీత ఏర్పరచిరి. 42 వోల్టులు చేరులోపల మేల్కొనవలెను. 30 వోల్టుల వరకు దిగినను నిలిచియుండవచ్చును.

తొలి ప్రమాణమున ఇచ్చుచోట 15.4 వాట్లు ఉండగా, వంద మీటర్ల తీగలో కొంత వేడిగా కరగి, పుచ్చుకొనుచోట 12.95 వాట్లు మిగులునని లెక్కించిరి. 2009లో ఇచ్చుచోట 30 వాట్లకు, 2018లో 90 వాట్లకు ఆ మేర పెరిగెను. శక్తి పెరిగినకొలది జాగ్రత్తయు పెరుగవలసినదే. వేసవిలో నిప్పులు చెరుగు మన బొగ్గుప్రాంతమున, కట్టలు కట్టలుగా బిగించిన కేబులులలో వేడి చేరును. రాగిపూత పూసిన అల్యూమినియపు చవుక తీగలలో అది మరింత ఎక్కువ. అడిగి చూడకుండ నేరుగా విద్యుత్తు పంపు చవుక పెట్టెలును బజారులో దొరకును. అవి వైట్‌హౌస్ వారసులు. నిండుగా పనిచేయుచున్న పరికరపు తీగను ఊడలాగినచో కొసయందు రవ్వ లేచి స్పర్శ పాడగును. ముందు స్విచ్చి యొద్ద ఆపుట మేలు. కరెంటు పోయి వచ్చినప్పుడు పరికరములన్నియు ఒక్కసారిగా గాక ఒకదాని వెంట ఒకటి మేల్కొనునట్లు అమర్చుటయు వివేకము.

అయితే ఈ మర్యాద లన్నియు భూమిపైన మాటలు. భూగర్భమున లెక్క వేరు. పైన చెప్పిన 180 మైక్రోఫారడుల కండెన్సరు 50 వోల్టులకు నిండినప్పుడు దానియందు నిలువయగు శక్తి సుమారు 0.225 జౌలు. మీథేనును రగిలించుటకు చాలిన శక్తికి ఇది సుమారు ఎనిమిది వందల రెట్లు. వీలర్ నాడు తీగచుట్టలో చూచిన ఆపదయే నేడు కండెన్సరులో దాగియున్నది. ప్రమాణము ప్రకారము అంతా సక్రమముగా ఉన్నను, ఆఫీసుగదికి తగిన కెమెరా గ్యాసుగల బావికి తగదు. ధృవీకరణ పొందిన పరికరములనే అచ్చటికి కొనిపోవలెను. ఈ లోటును తీర్చుటకు కొత్త మార్గములును ఏర్పడుచున్నవి. 2019లో ఒకే జంటతీగపై వేయి మీటర్ల వరకు వార్త నడుపు ఈథర్‌నెట్ ప్రమాణము వెలువడినది. 2021లో అట్టి తీగమీద స్వతస్సిద్ధ భద్రతతో విద్యుత్తు నిచ్చుటకు నియమములు ప్రకటింపబడినవి. గంటతీగల నాటి శాస్త్రమును కంప్యూటరు తీగలకు కలుపు ప్రయత్నమిది.

చిన్న తీగయే గదా, తక్కువ వోల్టులే గదా యను మాట సెంఘెనిడ్ గనిలోను అనుకొన్నదే. దానిని 440 ప్రాణముల తరువాత సరిదిద్దుకొనిరి. నేడు 25,000 ఓముల చిన్న నిరోధమును వెదకి చూచి గాని విద్యుత్తు వదలని పెట్టెలో, అట్టి మెల్లని మేల్కొలుపులో, ఆ పాఠములసారమే ఇమిడియున్నది. గనిలోనికైనను, ఇంటిలోనికైనను కొత్త పరికరమును తెచ్చుకొనునప్పుడు దాని వెలను, వెలుగును మాత్రమే గాక, అది ఎట్లు మేల్కొనునో గూడ అడిగి తెలిసికొనుట మన విధి.